కరగని పోగు

కోరుట్ల,
జూలై 11, 2021.

భాగ్యక్కకు,

ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్ననో ముందే చెప్త. ఇబ్రహీంపట్నం నుంచి మా ఊరికి వేసిన రోడ్డు లేచిపోతున్నది. సిరిసిల్లల మీ షెడ్డు నుంచి వచ్చిన ప్లాస్టిక్ తురుము కలిపి వేసిన రోడ్డు అది. ఎందుకు లేచిందో రిపోర్టు రాయమని మా రోడ్ల ఆఫీసు ల్యాబుల నాకే చెప్పిన్రు. రాసే ముందు నిన్ను ఒక మాట అడగాలె. మొన్న ఫోన్ల మాట మీద మాట పెరిగి నువ్వు కట్ చేసినవు, ఆ తర్వాత ఎత్తుతలేవు. వాట్సాప్ల రాద్దామంటే నా ఫోన్ సైటు మీద అందరి చేతులల్ల తిరుగుతది. రోడ్డు ఫోటోలు దాంట్లనే తీస్తరు. మా సూపర్‌వైజర్ హరీశ్ సార్ 'ఒకసారి ఇయ్యమ్మా' అని తీసుకుని పక్కకు పోతడు, ఫోటోలే చూస్తడో ఇంకేం చూస్తడో తెలియదు. బస్తాలు తెచ్చే ట్రాలీ ఆటో మొండయ్యకు ఇద్దామంటే, ఆయన మంచోడే గాని అడిగినోళ్లకు అన్ని చెప్తడు. అందుకని పోస్టుల వేస్తున్న.

రోడ్డు మే నెలల వేసినం. మొదటి రోజు నేను నీకు వీడియో పంపిన, గుర్తుందా? ప్లాంటుల కాగిన కంకర మీద మీ తురుము పడంగనే కరిగి, రాయి రాయికి నూనె రాసినట్టు మెరిసింది. దాని మీద డాంబర్ పోస్తే ఎంత గట్టిగ పట్టుకున్నదో! ప్లాస్టిక్ పొర ఉంటే రాయికి నీళ్లు అంటవు, డాంబర్ విడువదు అని పాలిటెక్నిక్‌ల చదువుకున్నది కండ్ల ముందట చూసిన. మా అమ్మ వెంకటవ్వ ఊరంత తిరిగి 'మా బిడ్డ వేసిన రోడ్డు' అని చెప్పుకున్నది.

జూన్ల మొదటి పెద్ద వానకే కంకర పైకి తేలింది. ఇప్పుడు మా అమ్మ పొద్దున వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ రోడ్డు మీదికి పోయి, లేచిన కంకర కూడ పక్కకు ఊడుస్తున్నది. ఎందుకే అంటే, 'నీ పేరు మీద ఎవలు బండి జారి పడొద్దు బిడ్డా' అన్నది. కరోనాకు దుబాయి నుంచి వచ్చి ఊర్లె కూసున్న పోరగాండ్లు నన్ను చూసి, 'ఇంజనీరమ్మా, ఫెవికాల్ తెమ్మంటవా?' అని నవ్వుతున్నరు.

ఒక సంగతి మాత్రం నన్ను నిద్రపోనిస్తలేదు. మొదటి రోజు వేసిన ముక్క, ఇబ్రహీంపట్నం దిక్కున్నది, చెక్కు చెదరలేదు. తర్వాత వేసిందే లేచింది. కాంట్రాక్టరు అదే, కంకర అదే, డాంబర్ అదే. మారింది బస్తాలొక్కటే.

హరీశ్ సార్ అయితే ఒక్క నిమిషం ఆలోచించలేదు. 'సిరిసిల్ల సరుకు ఖరాబమ్మా, గట్లనే రాసెయ్, అయిపోతది' అన్నడు. అంత సులువుగ అన్నందుకు ఆయన మీద అనుమానం వచ్చింది. కాని అక్కా, నీ మీద రాలేదని అంటే అబద్ధం అయితది.

పాల ప్యాకెట్లు, నూనె ప్యాకెట్లు, క్యారీ కవర్లు కాకుండ బస్తాలల్ల ఇంకేమన్న కలుస్తున్నదా? మా ఇంట్ల బడికి పోయింది నేనొక్కదాన్నే. ఇసొంటి మాట ఎవరిని అడగాలో మా వాళ్లకు తెలియదు. హాస్టల్ల నాకు లెక్కలు చెప్పిన అక్కవు, నిన్నే అడుగుతున్న. నిజం రాయి.

నీ
సృజన


సిరిసిల్ల,
జూలై 20.

సృజనా,

ఉత్తరం అందింది. పోస్టుమన్ కవరు అటు ఇటు తిప్పి చూసి 'కోర్టుదా అమ్మా?' అన్నడు. చదివినంక నాకు గూడ కోర్టుదే అనిపించింది.

మా షెడ్డుల ఏముందో నువ్వు కండ్లార చూసి పోయినవు. మునిసిపాలిటి బండి చెత్త తెస్తది. ఆడోళ్లు మూతికి గుడ్డ కట్టుకుని కవర్లు ఏరి, కడిగి, ఎండకేసి, మిషన్ల వేస్తరు. నీళ్ల పైపు ముక్కలు కలువద్దు, వేడికి విషపు పొగ వస్తదని నువ్వు చెప్పినవు. ఒక్క ముక్క పోనిస్తలేరు. వీళ్లెవలనుకున్నవు? జిందగంత కండెలు చుట్టినోళ్లు. మగ్గం మీద పోగు తెగితే చూడకుండ అతికే చేతులు. గసొంటి చేతులకు కవరేదో కానిదేదో తెల్వదా? సత్యవ్వత్తకు నీ ఉత్తరం సంగతి చెప్తే, 'గా పిల్ల మొన్న మన షెడ్డుల నా సద్దిలనే తిన్నది గదనే' అన్నది. నేనేం జవాబు చెప్పాలె?

నువ్వు నన్నొకటి అడిగినవు. నేను నిన్ను నాలుగు అడుగుత. మీ కాంట్రాక్టరు డాంబర్ సరిపోను పోసిండా? కంకర బాగ కాగిందా, ఆదరబాదరగ కానిచ్చిండా? రోడ్డుకు పక్కపొంటి వాన నీళ్లు పోను మోరీ తవ్విండా? గా హరీశ్ సార్‌ను గివన్ని అడిగినవా, లేకుంటే ఆయన చాయ్ తాగిపిస్తే తాగి, ఉత్తరం నాకు రాసినవా? పెద్దోన్ని అడుగుడు కష్టం. షెడ్డుల ఆడోళ్లను అడుగుడు అల్కగ ఉంటది.

శ్రవణ్ సంగతి నీకు ఎరికే. లాక్‌డౌన్ల మగ్గాల పని బందై భీవండి నుంచి కొంత దూరం లారీల మీద, కొంత నడిచి ఇల్లు చేరిండు. కాళ్లకు పుండ్లు పడి వారం లేవలే. ఇగ చచ్చినా పోనన్నడు. గిప్పుడు మా షెడ్డుల కోత మిషన్ నడుపుతున్నడు. పెండ్లయిన సంది మేం ఇద్దరం ఒక్క ఇంట్ల ఇన్ని నెలలు ఉన్నది గిదే మొదలు. షెడ్డుకు మీ రోడ్డు పని తప్ప వేరే గిరాకి లేదు. నువ్వు 'సరుకు ఖరాబు' అని రెండు మాటలు రాస్తే షెడ్డుకు తాళం పడ్తది, ఆయన మళ్ల భీవండి బస్సెక్కుతడు. గంతే. ఇది యాది పెట్టుకుని రాయి.

భాగ్య


కోరుట్ల,
ఆగస్టు 2.

భాగ్యక్కా,

కోపంల కూడ నాలుగు మంచి ప్రశ్నలు అడిగినవు. హరీశ్ సార్‌ను అడిగిన. డాంబర్ లెక్కల ప్రకారమే పోసినమన్నడు. కంకర వేడి నేనే చూసిన, అందుల తప్పు లేదు. మోరీ గురించి అడిగితే మాత్రం, 'అది తర్వాత బిల్లుల ఉన్నదమ్మా, నీకెందుకు' అని ఫోన్ చెవికి పెట్టుకున్నడు. ఫోన్ మోగలేదు. నేను చూసిన.

ఇది పక్కకు పెట్టి, నేను చేసిన పని విను.

ప్లాంటుల మే నెలల వచ్చిన మీ బస్తాలు కొన్ని మిగిలి ఉన్నయి. ఒకటి విప్పి, మా ల్యాబుల పొయ్యి మీద కంకర కాచి, తురుము పోసి కలిపిన. మొదటి రోజు మెరిసినట్టే మెరుస్తదనుకున్న. మెరువలేదు. కవర్ల తురుము కరిగింది గాని రాళ్లకు పట్టలేదు. అక్కడక్కడ బొంతల పత్తి లెక్క ఉండలు కట్టింది. ఒక ఉండను చల్లారినంక చీల్చి చూస్తే లోపల పోగులు. వాటికి కరిగిన కవరు చుట్టుకుని గట్టిగైంది. రాయికి పూయాల్సిన ప్లాస్టిక్‌ను ఆ పోగులు గుంజుకున్నయి. అట్లాంటి ఉండ రోడ్డుల ఉన్న చోట డాంబర్ రాయిని పట్టుకోదు. బండి చక్రం పోతే ఆ ఉండ ఊడి వస్తది, దాని వెంట చుట్టు రాళ్లు వస్తయి.

పోగు ఏందో తెలుసుకుందామని ఒకదాన్ని ఇంకా వేడి చేసిన. కంకర కాగే వేడికి అది కరగలేదు. మంట మీద పెడితే ముడుచుకుని నల్లటి బొట్టు అయ్యింది. పాలిస్టర్ దారం అక్కా. మీ ఊరి దారం. కవర్లు కరిగే వేడికి పాలిస్టర్ కరగదు, దానికి ఇంకా చాలా వేడి కావాలె. అంత వేడి చేస్తే డాంబరే మాడిపోతది.

ఒక పోగు ఈ కాగితానికి అంటించి పంపుతున్న. నాకంటె నీకే బాగ తెలుస్తది.

బరువు పెరిగెటందుకు ఎవరన్న మగ్గాల కాడి వేస్టు దారం మిషన్ల పోస్తున్నరా? నువ్వు లేనప్పుడు చేస్తున్నరా? శ్రవణ్ బావకు తెలుసా? ఈ మాట రెండుసార్లు కొట్టేసి మళ్ల రాసిన. కాని మా అమ్మ ఇంకా రోడ్డు ఊడుస్తనే ఉన్నది. నిన్న పక్కింటి సాయమ్మ 'నీ బిడ్డ కొలువు చేస్తే నువ్వు ఊడుసుడేందే' అంటే, మా అమ్మ, 'చదువుకున్నోళ్ల ఎన్కాల ఎవలో ఒకలు ఊడవాలె గద' అన్నదట. నవ్విచ్చెటందుకే అన్నది. నాకు నవ్వు రాలే.

జవాబు రాయి. రిపోర్టు ఇంకా మొదలు పెట్టలేదు. వానలు తగ్గేదాక గడువు అడిగిన.

సృజన


సిరిసిల్ల,
ఆగస్టు 17.

సృజనకు,

పోగు చూసిన. దారమే.

సిరిసిల్లల గాలిల గూడ దారం ఉంటది. బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చిన నెలలల్ల పొద్దు మాపు మగ్గాలు నడుస్తయి. మా తలలల్ల ఉంటది, మా అన్నంల ఉంటది. ఏదో రెండు పోగులు ఎగిరి బస్తాల పడ్డయనుకో. మా షెడ్డుల ఎవ్వలు మిషన్ల దారం పోస్తలేరు. శ్రవణ్ మీద ఒట్టేసి చెప్తున్న.

ఇగ నా దిక్కు నుంచి ఒక మాట. మొన్న మొండయ్య బస్తాలు ఎత్తుకుంటూ, 'మీ దోస్తుకు జగిత్యాల ఆఫీసుల కుర్చీ రెడీ అయితున్నదట, రిపోర్టు పెట్టుడే ఆలస్యమట' అన్నడు. హరీశ్ సారే చెప్పిండట. నువ్వు రెండు ఉత్తరాలు రాసినవు. మీ అమ్మ ఊడుసుడు రాసినవు, పొయ్యి మీద కంకర కాచుడు రాసినవు. గీ కుర్చీ ముచ్చట మాత్రం రాయలే. మర్చిపోయినవా?

నాకిప్పుడు సమజైంది గా మాట ఎందుకు కొట్టేసి కొట్టేసి రాసినవో.

ఇగ రాయకు. బస్తాలు పంపుడు మా పని, పంపుతం.

భాగ్య


కోరుట్ల,
సెప్టెంబర్ 5.

భాగ్యక్కా,

రాయకు అన్నవు. రాయక తప్పలేదు.

ముందు కుర్చీ సంగతి. నిజమే. జూన్ చివరల హరీశ్ సార్ అన్నడు, రిపోర్టు తొందరగ పెడితే జగిత్యాల ల్యాబుల పర్మనెంటు పోస్టుకు అక్కడి పెద్దసారు దగ్గర నా పేరు చెప్తనని. ఇక్కడ నాది ఏడాదికి ఏడాది తిప్పి రాసే కొలువు. మా అన్న సాగర్ గల్ఫ్ నుంచి వచ్చినంక ఖాళీగ ఉన్నడు. నాయినకు మోకాళ్ల నొప్పులు, కల్లుకు తాటిచెట్లు ఎక్కుడు తగ్గించిండు. నాకు ఆ పోస్టు కావాలని లేదని చెప్తే నువ్వు నమ్మవు, నేను చెప్పను. నీకు ఎందుకు రాయలేదంటే, రాస్తే నా ప్రతి మాట నువ్వు ఆ కుర్చీ పక్కన పెట్టి చదువుతవని. ఇప్పుడు అట్లనే చదువుతున్నవు. దాచి తప్పు చేసిన, దాచినా దాచకున్నా ఫలితం ఒకటే అయ్యింది.

ఇగ అసలు సంగతి. పోయిన వారం ఇంకో రోడ్డుకని మొండయ్య కొత్త బస్తాలు దింపిండు. అందరు అన్నానికి పోయినంక నేనొక్కదాన్నే ఒక్కొక్క బస్తా విప్పిన. చేతులు లోపలి దాక పెట్టి వెతికిన. ఒక్క పోగు లేదు. పొయ్యి ముట్టించి కంకర మీద పోసి కలిపిన. ఎంత అందంగ మెరిసిందో! నల్లటి అద్దం లెక్క. నేను సంతోషపడాలె. పడలేదు, అక్కడనే నేల మీద కూసున్న.

గాలిల దారం ఉంటదని రాసినవు గదా. ఆ గాలి ఇప్పుడు ఎక్కడికి పోయింది అక్కా? మగ్గాలు నడుస్తనే ఉన్నయి. పండుగ దగ్గర పడ్డది, చీరల పని ఇంకా జోరుగ ఉంటది. మరి ఒక్క పోగు కూడ ఎట్ల లేదు?

ఎట్ల వచ్చిందో నీకు తెలిసింది. ఎట్ల ఆపాలో తెలిసింది, ఆపినవు. నాకు మాత్రం గాలి అని రాసినవు. శ్రవణ్ బావ మీద ఒట్టు వేసి రాసినవు.

పాత బస్తాలల్ల దారం దొరికినప్పుడు నాకు ఇంత బాధ కాలేదు. అప్పుడు ఎవరో మోసం చేసిన్రు, నీకు తెలియదు అనుకున్న. కొత్త బస్తాలు చూసినంక నీకు తెలుసని తెలిసింది. ఇప్పుడు నీ ఏ మాట నమ్మాలె? బావ మీద ఒట్టు నిజమా, గాలి నిజమా?

హరీశ్ సార్‌కు ఇంకా దారం సంగతి తెలియదు. చెప్పలేదు. తెలిస్తే ఆయనకు పండుగే.

సృజన


సిరిసిల్ల,
సెప్టెంబర్ 18.

సృజనా,

ఒట్టు నిజం. గాలి అబద్ధం. చాలా?

జరిగింది రాస్త. నమ్ముడు నీ ఇష్టం.

నీ పోగు వచ్చిన రోజు గా కాగితం చేతుల పట్టుకునే షెడ్డుకు పోయిన. అందరు పనిల ఉన్నరు. శ్రవణ్ మిషన్ దగ్గరున్నడు. ఎవల ముందట గూడ దారం కుప్ప లేదు. నా పానం కుదుటపడ్డది. గింతట్ల సత్యవ్వత్త ఆరిన కవర్లన్ని ఒక్క తీరుగ మడిచి, కట్ట చేసి, నడుముకు చెక్కుకున్న దారం తీసి చుట్టు చుట్టి ముడేసింది. శ్రవణ్ గా కట్టను అందుకుని, అట్లనే మిషన్ నోట్లె పెట్టిండు.

నేను ఉరికి మిషన్ బంద్ చేసిన. అందరు నన్నే చూస్తున్నరు.

'అత్తా, గీ దారమేంది?'

'ఏందంటే? మగ్గాల కాడ పారేస్తున్నరు, తెచ్చిన. కవర్లు గాలికి లేస్తున్నయి గదనే. ఊకె ఉరికి ఉరికి పట్టుకొస్తున్నం, గందుకే కట్టలు కడుతున్నం.'

'మిషన్ల వేసేటప్పుడు విప్పరా?'

'విప్పుడెందుకు? మిషన్ కోస్తది గద. గది ప్లాస్టికే, గిది ప్లాస్టికే. ఇదేమన్న పత్తి నూలా, ఖరాబ్ అయితదని భయపడ? నువ్వు ఇంటరు చదివినవు, నేను చెప్పాల్నా నీకు?'

అందరు నవ్విన్రు. శ్రవణ్ గూడ నవ్విండు.

సృజనా, మా ఊర్లె ఏది కట్టాలన్నా వేస్టు దారమే. కొత్తిమీర కట్టకు అదే, గేటు గొళ్లెం ఊడితే అదే, నా బిడ్డ జడకు రిబ్బను దొరకకుంటే అదే. గా కట్టలు చీరల పని మొదలైన సంది నా కండ్ల ముందటనే ఉన్నయి. దినాం చూసిన. కట్ట కనబడ్డది గాని దానికి చుట్టిన దారం నా కంటికి ఆనలే. మొదటి రోజుల్ల మగ్గాలు సరిగ్గ నడుస్తలేవు, దారం దొరకలే, కవర్లు ఉత్తగనే వేసిన్రు. గందుకే నీ మొదటి ముక్క బాగుంది. చీరల పని మొదలైనంక దారానికి కొదువ లేదు. ఒక్కొక్క కట్టకు బొబ్బిన్ చుట్టినట్టు చుట్టిన్రు. కండెలు చుట్టిన చేతులు, ఆగుతయా?

గా రోజు సంది కవరునే సన్నగ చీరి, మెలిపెట్టి, దాంతోనే కడుతున్నరు. సత్యవ్వత్తకు అలువాటు కాలేదు, దినాం నన్ను తిడుతున్నది. దారం ఎందుకు వద్దో మాత్రం నేనెవలికి చెప్పలే. శ్రవణ్‌కు గూడ చెప్పలే. ఆయన చేతులతోనే మిషన్ల వేసిండని తెలిస్తే ఎట్ల?

నీకెందుకు చెప్పలేదో నీకు తెల్వదా? నువ్వు రాసిన దాంట్లె 'బరువు పెరిగెటందుకు' అని ఉన్నది. గా మాట నువ్వే అన్నవు, హాస్టల్ల నా పక్క మీద పండుకున్న దానివి. ఇగ బయటోళ్లు ఏమంటరు? సిరిసిల్లోళ్లు దొంగ సరుకు అమ్మిన్రు అంటరు. తెల్వక కట్టిన్రంటే ఎవలు నమ్ముతరు? దానికి తోడు నీకు కుర్చీ చూపిచ్చి కూసున్నడు గా సార్. నా నోటితోని ఒప్పుకుంటే గా ఉత్తరం ఎక్కడ తేలుతదో అని భయమైంది. నిజం చెప్తున్న, గిది రాసేటప్పుడు గూడ భయమే అయితున్నది.

భీవండి నుంచి శ్రవణ్ తెచ్చిన బ్యాగు ఇంకా తలుపెన్క ఉన్నది. బట్టలు తీసి అల్మారాల పెట్టమంటే, 'ఉండనియ్ తీ' అంటడు. ఆయనకు గూడ నమ్మకం లేదు గీ షెడ్డు మీద.

కొత్త బస్తాలు బాగున్నయని నువ్వే రాసినవు. ఇగ దారం కలువది. అయ్యిందేదో అయ్యింది. వాన ఎక్కువ పడి లేచిందని రాసెయ్యి. నీ కొలువు నీకుంటది, మా షెడ్డు మాకుంటది. ఎవలి సొమ్ము పోయింది?

నీ అక్క అనుకుంటవో లేదో,
భాగ్య


జగిత్యాల,
అక్టోబర్ 1.

భాగ్యక్కా,

పైన జగిత్యాల అని చూడంగనే ఏదో అనుకోకు. కుర్చీల కూసుని రాస్తలేను. బస్టాండుల బెంచీ మీద రాస్తున్న. పెద్దసారును కలిసి వచ్చిన.

నీ ఉత్తరం చదివి నేను మళ్ల రోడ్డు మీదికి పోయిన. మా అన్న సాగర్‌ను వెంట తీసుకుని, గడ్డపారతో మూడు చోట్ల రోడ్డు ముక్కలు పగలగొట్టించిన. దుబాయి పోరగాండ్లు వచ్చి నిలబడి, 'ఏసింది ఆమెనే, తవ్వేది ఆమెనే' అన్నరు. 'ఎత్తుడుకు రాండ్రి మరి' అని సాగర్ అంటే, నవ్వుకుంట వాళ్లే పార పట్టుకున్నరు.

మొదటి చోటు, మీ దారం బస్తాలు కలిసిన దగ్గర. మెట్ట మీద, నీళ్లు నిలువని చోట. అక్కడ కూడ లేచింది. ముక్కల నిండ ఆ ఉండలే. అది మీ దారం వల్లనే, ఇంకో మాట లేదు.

రెండోది మొదటి రోజు వేసిన ముక్క. అది ఎప్పటి లెక్కనే గట్టిగ ఉన్నది, పగలగొట్టుడుకే కష్టమైంది. మూడోది మా ఊరి మొదట్ల, చివరి రోజు నేను లేనప్పుడు ప్లాస్టిక్ లేకుండ ఉత్త డాంబర్ తోని వేసిన చోటు, ఆ సంగతి తవ్వినంకనే తెలిసింది. అది వొంపుల ఉన్నది. పక్కకు మోరీ తవ్వలేదు, వాన నీళ్లు వారాల కొద్ది నిలబడ్డయి. అక్కడ మీ సరుకు చెంచాడు కూడ లేదు, అయినా లేచింది. నువ్వు జూలైల అడిగినవు, మోరీ తవ్విండా అని. తవ్వలేదు.

దారం, మోరీ, ఈ రెండు సంగతులు రాస్తనని హరీశ్ సార్‌కు చెప్పిన. నా మొకం చూసి, 'మోరీ ముచ్చట రాస్తే జగిత్యాల ముచ్చట మరిచిపో అమ్మా' అన్నడు. మరిచిపోయిన అన్న. నువ్వు నమ్మాలని ఇది రాస్తలేను, జరిగిందని రాస్తున్న.

వాన అని మాత్రం రాయను అక్కా. వాన అన్ని రోడ్ల మీద పడ్డది. వాన అని రాస్తే రేపు ఇంకో ఊర్లె ఇంకెవరో కవర్ల కట్టలకు దారం చుడుతరు, ఇంకో కాంట్రాక్టరు మోరీ తవ్వడు. 'ప్లాస్టిక్ రోడ్డు ఆగదు' అన్న పేరు మిగులుతది. అప్పుడు మీ షెడ్డు ఒక్కటే కాదు, ఏ షెడ్డూ నడువది. ఎవరి సొమ్ము పోయింది అన్నవు. ఆ రోడ్డు మీద బడి ఆటోలు పోతయి. మా నాయిన కల్లు క్యాన్లు పెట్టుకుని టీవీఎస్ మీద పోతడు.

ఇయ్యాల పెద్దసారుకు రోడ్డు ముక్కలు చూపెట్టిన. ఆయన మంచోడో చెడ్డోడో నాకు తెలియదు. ఎక్కువ మాట్లాడడు, కండ్లద్దాలు పైకి పెట్టి ముక్కను తిప్పి తిప్పి చూసిండు. మోరీ సంగతి కాంట్రాక్టరును అడుగుతనన్నడు. తర్వాత దారం ఉండను గోటితో గీరి, 'సిరిసిల్లోళ్లు ఇది కావాలని కలిపిన్రా, తెలియక కలిసిందా?' అన్నడు.

'తెలియక కలిసింది సార్' అన్న.

'నీకెట్ల తెలుసు?'

'వాళ్లనే పిలిచి అడుగుండ్రి సార్' అన్న, అక్కా. నువ్వు చెప్పినవని చెప్పొచ్చు. కాని ఆగస్టుల నువ్వు గాలి అని చెప్పినవు, సెప్టెంబర్ల కట్టలు అని చెప్పినవు. రెండూ నీ చేతి రాతలే. నేను నిన్ను నమ్ముతున్ననా అని నన్ను నేనే అడుగుకున్న. సత్యవ్వ నడుముకు దారం చెక్కుకునుడు నేను మీ షెడ్డుకు వచ్చినప్పుడు చూసిన. అందుకని నమ్ముతున్న. ఎక్కువ పాలు నమ్ముతున్న. అంతా నమ్ముతున్ననని రాయలేను, అది కూడ నీకు చెప్పాలె. కాని నా నమ్మకం సారుకు సాక్ష్యం కాదు.

సార్ ఒక అవకాశం ఇచ్చిండు. అక్టోబర్ పదకొండున కోరుట్ల ప్లాంటుల ఆయన ముందట రెండు ముక్కలు వేసి చూపెట్టాలె. ఒకటి దారం కట్టలు అట్లనే కోసిన తురుముతో, ఇంకోటి ఇప్పుడు మీరు చేస్తున్న తురుముతో. మీరు స్వయంగ వచ్చి, కట్టలు ఎట్ల కట్టేదో, ఇప్పుడు ఎట్ల కడుతున్నరో చేసి చూపెట్టాలె. తెలియక జరిగింది, దిద్దుకున్నరు అని ఆయనకు నమ్మకం కుదిరితే ఆర్డరు ఆగది. ఖరాబైన రోడ్డుకు మళ్ల వేసే పనిల కూడ మీ తురుమే వాడుదమన్నడు. కుదరకుంటే ఏం చేస్తడో చెప్పలేదు. నేను అడగలేదు.

సత్యవ్వను తీసుకుని రా. ఆమె సార్ ముందట కూడ 'గది ప్లాస్టికే, గిది ప్లాస్టికే' అని అంటే అననియ్యి. నువ్వు నేర్పి తీసుకురాకు. ఆమె ఉన్నట్టే ఉండాలె. శ్రవణ్ బావకు రాకముందే చెప్పు. ఆయన చేతుల మీదుగ జరిగిందని ప్లాంటుల పది మంది ముందట తెలుసుకుంటే ఆ రోజే బ్యాగు ఎత్తుకుంటడు. నీ నోటి నుంచి వింటే ఏమంటడో నాకు తెలియదు. నీకే తెలుస్తది.

పండుగ దినాలు, బతుకమ్మ పేర్చే పనుల ఉంటరని తెలుసు. పదకొండును మార్చుడు నా చేతుల లేదు.

నువ్వు వస్తున్నవా, వస్తలేవా, ఆ ఒక్క మాట అక్టోబర్ తొమ్మిది లోపల నాకు చేరెటట్టు రాయి. రాకపోతే కూడ రిపోర్టు పోతది. అందుల దారం కలిసిందని ఉంటది, మోరీ లేదని ఉంటది. దారం ఎట్ల కలిసిందో రాయాల్సిన చోట మాత్రం నేనేం రాయలేను. ఆ చోటు ఖాళీగ పోతే, దాన్ని హరీశ్ సార్ ఏం చెప్పి నింపుతడో నీకు తెలుసు.

తొమ్మిది లోపల, అక్కా.

సృజన